స్పానిష్ మాట్లాడేవాళ్లకు ఇంగ్లీషులో ప్రశ్న అడగడం ఎలా నేర్పాలి

అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్లకు పైనే ఉన్నారు. అందుకే ఊరి లైబ్రరీలోనో చర్చి హాల్లోనో నడిచే ఉచిత ఇంగ్లీషు తరగతికి మీరు వలంటీరుగా వెళ్తే, ఎదురుగా కూర్చునేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్ వైపు నుంచి వచ్చినవాళ్లే ఉంటారు. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇలా నేర్పే అవకాశం దగ్గర్లోనే దొరుకుతుంది.

ఆ విద్యార్థులకు ముందు కావలసింది అడగగలగడం. మందు రోజుకి ఎన్నిసార్లు వేసుకోవాలి, రేపు పనికి ఎన్నింటికి రావాలి, పిల్లవాడి బస్సు ఎక్కడ ఆగుతుంది. ఈ మూడూ అడగలేకపోతే ఎంత గ్రామరు వచ్చినా ఆ రోజుకి ఉపయోగం ఉండదు. కానీ మామూలు తరగతిలో టీచరు అడుగుతారు, విద్యార్థి జవాబు చెప్తాడు. రెండు నెలలు గడిచేసరికి జవాబులు గడగడా వస్తాయి, సొంతంగా ఒక్క ప్రశ్న కట్టడం రాదు. ప్రశ్న కట్టే పనంతా టీచరే చేస్తూ వచ్చారు మరి. ఇక్కడ చెప్పే క్రమమంతా ఆ పనిని విద్యార్థి చేతికి ఇవ్వడానికే. వారానికి 2 తరగతులు, ఒక్కోటి 90 నిమిషాలు అనుకుంటే దీనికి దాదాపు 8 వారాలు పెట్టుకోండి.

ముందు మన ప్రశ్నలు సరిచూసుకోవాలి

తెలుగువాళ్ల ఇంగ్లీషులో కొన్ని ప్రశ్నలు మనకి ఏమాత్రం తేడాగా వినిపించవు. "వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్?", "వేర్ యూ ఆర్ గోయింగ్?", "యూ ఆర్ ఫ్రమ్ మెక్సికో, నో?" ఇలాంటివి. తరగతిలో మీరు ఒక్కసారి "వేర్ యూ ఆర్ గోయింగ్" అన్నారంటే, మీరు బోర్డు మీద రాసిన నియమం కంటే అదే వాళ్ల చెవిలో నిలుస్తుంది. ఎందుకంటే వాళ్ల నోటికి సహజంగా వచ్చే వరుస కూడా అదే. తరగతికి వెళ్లేముందు ఆరోజు వాడబోయే 10 ప్రశ్నల్ని ఫోన్లో రికార్డు చేసుకుని వినండి.

ఉచ్చారణలో రెండు విషయాలు చూసుకోవాలి. ఇంగ్లీషు టీ, డీ అక్షరాలకు మనం నాలుక వెనక్కి మడిచి ట, డ అంటాం. స్పానిష్‌వాళ్లు నాలుకని పళ్లకి ఆనించి త, ద అంటారు. అసలు చోటు ఈ రెంటికీ మధ్య, పై చిగురు దగ్గర ఉంటుంది. రెండోది "వాట్", "వేర్", "వెన్"ల మొదటి ధ్వని. మనం దాన్ని వ అంటాం, వాళ్లలో కొందరు "గ్వాట్" అంటారు. ముద్దు పెట్టేటప్పుడు చుట్టినట్టు పెదాలు గుండ్రంగా చుట్టి వదిలితే ఇద్దరికీ సరిగ్గా వస్తుంది.

ఇక మనకి ఉన్న బలం. స్పానిష్‌కీ తెలుగుకీ కొన్ని పోలికలున్నాయి, ఇంగ్లీషు మాత్రమే తెలిసిన టీచరుకి అవి అందవు. స్పానిష్‌లో తూ, ఉస్తెద్ అని రెండుంటాయి, మన నువ్వు, మీరు లాగే. మధ్య అమెరికా నుంచి వచ్చినవాళ్లయితే తూకి బదులు వోస్ అని కూడా అంటారు. కర్తని వదిలేసి మాట్లాడటం రెండు భాషల్లోనూ మామూలే. "తిన్నావా?" అంటే చాలు, "నువ్వు" అక్కర్లేదు. ఎంత, ఎన్ని అనే తేడా వాళ్లకీ ఉంది. ఈ పోలికలు ఎక్కడ పనికొస్తాయో దారిలో చెప్పుకుందాం.

ఒక హెచ్చరిక. స్పానిష్ మాట్లాడే ప్రతివాళ్లకీ అది మాతృభాష కాదు. గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లలో మామ్, కిచే లాంటి మాయా భాషలు మాట్లాడుతూ పెరిగినవాళ్లుంటారు. మెక్సికోలోని ఒఅహాకా వైపువాళ్లకి మిష్తెక్, సపోతెక్ ఇంటి భాషలు కావచ్చు. ఆదిలాబాద్‌లో గోండీ ఇంటి భాషగా, తెలుగు బయటి భాషగా ఉన్నవాళ్ల పరిస్థితి లాంటిదే. అందుకని బోర్డు నిండా స్పానిష్ అనువాదాలు రాసి, "ఇప్పుడు అర్థమవుతుందిలే" అనుకోవద్దు. బొమ్మ, వస్తువు, సైగ ముందు పెట్టండి.

మొదటి రోజు: ఆదుకునే ప్రశ్నలు

గ్రామరు జోలికి పోకుండా నాలుగు ప్రశ్నల్ని పాటలా నోటికి పట్టించండి.

"హౌ డూ యూ సే ... ఇన్ ఇంగ్లీష్?"
"వాట్ డజ్ ... మీన్?"
"కెన్ యూ రిపీట్ దట్, ప్లీజ్?"
"హౌ డూ యూ స్పెల్ దట్?"

వీటిని పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి ప్రతి తరగతిలో గోడకి అంటించండి. ఎవరైనా స్పానిష్‌లో "ఎలా అంటారు?" అని అడిగితే జవాబు చెప్పకుండా చార్టు వైపు చేయి చూపండి. వాళ్లు ఇంగ్లీషులో అడిగాకే చెప్పండి. మొదటి వారం ఇది కొంచెం కఠినంగా అనిపిస్తుంది, మూడో వారానికి మీరు చేయి చూపాల్సిన అవసరమే ఉండదు.

ఇక్కడే ఒక పొరపాటు తప్పకుండా ఎదురవుతుంది. మాట వినపడనప్పుడు స్పానిష్‌లో "కోమో?" అంటారు, అంటే "ఎలా?" అని. మెక్సికోవాళ్లు మర్యాదగా "మాందె?" అని కూడా అంటారు. దాన్నే ఇంగ్లీషులోకి తెచ్చి "హౌ?" అనేస్తారు. కౌంటరు దగ్గర ఉన్న మనిషికి అది అర్థం కాదు. ఏం ఎలా అని తిరిగి అడుగుతుంది. దానికి బదులు "సారీ?" అని గొంతు పైకి లేపి అనడం నేర్పండి. ఆ ఒక్క మాట వాళ్లని రోజుకి పదిసార్లు కాపాడుతుంది.

స్పెల్లింగు అడగడం రెండువైపులా సాధన చేయించాలి, ఎందుకంటే అక్షరాల పేర్లు ఢీకొంటాయి. స్పానిష్‌లో ఇ అని పలికే అక్షరం ఇంగ్లీషులో ఐ. స్పానిష్‌లో ఎ అని పలికేది ఇంగ్లీషులో ఈ. దాంతో మీరు "ఈ" అంటే వాళ్లు ఐ రాస్తారు, "ఏ" అంటే ఈ రాస్తారు. జీ, జే కూడా అలాగే తారుమారవుతాయి. బీ, వీ అయితే స్పానిష్‌లో ధ్వనిగా ఒకటే. ఏ-ఈ-ఐ, జీ-జే, బీ-వీ ఈ మూడు జట్లకి విడిగా 10 నిమిషాలు కేటాయించండి. వాళ్ల పేరు, వీధి పేరు మీకు స్పెల్ చేసి చెప్పాలి, మీరు విన్నది విన్నట్టు బోర్డు మీద రాయాలి. తప్పు పడితే వాళ్లే "బీ, యాజ్ ఇన్ బాయ్" అని దిద్దాలి.

రెండో మెట్టు: ఆర్, ఈజ్

ఇది వాళ్లకి తేలిక. "యూ ఆర్ టైర్డ్" లోని రెండు మాటలూ చోటు మార్చుకుంటే "ఆర్ యూ టైర్డ్?" అవుతుంది. ఒక కార్డు మీద యూ, ఒకదాని మీద ఆర్ రాసి ఇద్దరు విద్యార్థుల చేతికిచ్చి నిలబెట్టండి. ప్రశ్న అనగానే వాళ్లు చోట్లు మారాలి. ఒక్కసారి కళ్లతో చూస్తే చాలు.

ఇబ్బంది పెట్టేది వేరే. స్పానిష్‌లో "ఎస్తా లేహోస్?" అంటే "దూరమా?" అని. కర్త లేదు, మనకీ లేదు. అందుకే వాళ్ల నోట "ఈజ్ ఫార్?" అని వస్తుంది. ఇంగ్లీషులో ఆ చోటు ఖాళీగా ఉండకూడదు, ఏమీ లేకపోతే "ఇట్" అయినా కూర్చోవాలి. "ఈజ్ ఇట్ ఫార్?", "ఈజ్ ఇట్ ఓపెన్?", "ఈజ్ ఇట్ రెయినింగ్?" అని ఇట్‌ని వేలితో బల్ల మీద తడుతూ పలికించండి. "బాత్రూమ్ ఉందా?" అనడానికి స్పానిష్‌లో "ఆయ్ బాన్యో?" అంటే సరిపోతుంది. ఇంగ్లీషులో "ఈజ్ దేర్ ఎ బాత్రూమ్ హియర్?" అనాలి. దీన్ని మొదట విడగొట్టి వివరించకుండా మొత్తంగా నేర్పడమే మంచిది.

వయసు దగ్గర జాగ్రత్త. స్పానిష్‌లో "నీకు ఎన్ని సంవత్సరాలు ఉన్నాయి?" అని అడుగుతారు: "కుయాంతోస్ ఆన్యోస్ తియెనెస్?" తెలుగులోనూ "నీకెన్నేళ్లు?" అనే అంటాం. అందుకే వాళ్లు "హౌ మెనీ ఇయర్స్ డూ యూ హావ్?" అంటే మనకి ఆ తోవ వెంటనే తెలుస్తుంది. "హౌ ఓల్డ్ ఆర్ యూ?" నేర్పి, పెద్దవాళ్లని నేరుగా వయసు అడగడం అమెరికాలో మర్యాద కాదని, పిల్లల గురించి అయితే పర్వాలేదని కూడా చెప్పండి. "హౌ ఓల్డ్ ఈజ్ యువర్ సన్?" అనే రూపమే ఎక్కువ సాధన చేయించండి.

పేరు అడిగే ప్రశ్న కూడా ఇలాంటిదే. "కోమో తె యామాస్?" అంటే "నిన్ను నువ్వు ఎలా పిలుచుకుంటావు?" అన్నట్టు. దానిలోంచి "హౌ యూ కాల్?" పుడుతుంది. "వాట్స్ యువర్ నేమ్?" వచ్చాక "వాట్స్ యువర్ లాస్ట్ నేమ్?" మీద కొంచెం ఎక్కువసేపు ఆగండి. స్పానిష్ సంప్రదాయంలో ఇంటిపేర్లు రెండుంటాయి, ముందు తండ్రి వైపుది, తర్వాత తల్లి వైపుది. ఫారం నింపేటప్పుడు చివరిదొక్కటే లాస్ట్ నేమ్ అనుకుంటే తల్లి వైపు పేరు ఎక్కి, తండ్రి వైపుది మిడిల్ నేమ్ అయిపోతుంది. ఇంటిపేరు ముందు పెట్టుకునే మనకి ఈ అవస్థ తెలియనిది కాదు. వాళ్ల పాస్‌పోర్టులో, ఇతర గుర్తింపు కాగితాల్లో లాస్ట్ నేమ్ గడిలో ఏముందో అదే ప్రతిచోటా చెప్పాలని, రెండూ ఉంటే రెండూ చెప్పాలని వివరించండి.

మూడో మెట్టు: డూ. అసలు పని ఇక్కడే

మూడు భాషలనీ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగులో "ఇక్కడ ఉంటావు" అనే మాట చివర దీర్ఘం పెడితే "ఇక్కడ ఉంటావా" అవుతుంది. ప్రశ్న గుర్తు మాటలోనే ఉంది, చివర ఉంది. ఇంగ్లీషులో "యూ లివ్ హియర్" ముందు ఒక మాట చేర్చితే "డూ యూ లివ్ హియర్?" అవుతుంది. గుర్తు మాటల్లోనే ఉంది, మొదట ఉంది. స్పానిష్‌లో "బీబెస్ ఆకీ" అంటే "ఇక్కడ ఉంటావు", "¿బీబెస్ ఆకీ?" అంటే "ఇక్కడ ఉంటావా?" మాటల్లో మార్పేమీ లేదు, గొంతు పైకి లేస్తుందంతే.

అంటే డూకి సమానమైన ముక్క స్పానిష్ మాటల్లో ఎక్కడా లేదు. దాన్ని వదిలేయడం నిర్లక్ష్యం అనుకోకండి, వాళ్ల భాషలో ఆ గది కట్టనే లేదు. పైగా అమెరికన్లు నిర్ధారించుకోవడానికో ఆశ్చర్యపడుతూనో "యూ లివ్ హియర్?" అని కూడా అంటారు. అది విని, "మరి వాళ్లు అంటున్నారుగా" అని అడిగే విద్యార్థి ఉంటాడు. నిజమే అని ఒప్పుకోండి. ముందే తెలిసిన సంగతిని ఖాయం చేసుకోవడానికి అది, తెలియనిది అడగడానికి డూ ఉండాలి అని చెప్పండి.

అయితే స్పానిష్ రాతలో ఆ గది ఉంది. ప్రశ్న వాక్యానికి మొదట్లోనే తలకిందుల ప్రశ్న గుర్తు పెడతారు. స్పెయిన్ రాజ అకాడమీ 1754లో తన వర్ణక్రమ గ్రంథంలో దాన్ని ప్రవేశపెట్టింది. వాక్యం ఎక్కడి నుంచి ప్రశ్నగా చదవాలో చదివేవాడికి ముందే తెలియడం కోసం. డూ చేసే పని కూడా సరిగ్గా అదే. కాబట్టి బోర్డు మీద ¿ రాసి, దాన్ని చెరిపి, అదే చోట ఎర్ర రంగుతో డూ రాయండి. "మీరు రాసే గుర్తుని ఇంగ్లీషువాళ్లు పలుకుతారు" అని చెప్పండి. బడికి వెళ్లి చదువుకున్నవాళ్లకి ఇది చటుక్కున అందుతుంది. చదువు తక్కువ ఉన్నవాళ్లకి గుర్తు కంటే కార్డులే మేలు.

కార్డులు ఇలా చేయండి. 3 అంగుళాలు వెడల్పు, 5 అంగుళాలు పొడవు ఉండే ఇండెక్స్ కార్డులు ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతాయి. నీలం మార్కరుతో 6 ప్రశ్న పదాలు: వాట్, వేర్, వెన్, హూ, వై, హౌ. ఎరుపుతో 6 హెల్పింగ్ వెర్బులు: డూ, డజ్, డిడ్, ఈజ్, ఆర్, కెన్. పచ్చతో ఐ, యూ, హీ, షీ, ఇట్, వి, దే. నలుపుతో 8 క్రియలు: లివ్, వర్క్, నీడ్, వాంట్, హావ్, లైక్, స్టార్ట్, స్పీక్. మొత్తం 27. ఇద్దరికి ఒక సెట్ చొప్పున, 8 మంది తరగతికి 4 సెట్లు సరిపోతాయి. డూ, డజ్, డిడ్ కార్డుల వెనక ¿ గీయండి.

వరుస ఎప్పుడూ ఒకటే: నీలం, ఎరుపు, పచ్చ, నలుపు. నీలం లేకపోవచ్చు, ఎరుపు లేకుండా కుదరదు. మొదటి 3 తరగతులు నీలం ముట్టుకోకండి. పచ్చలో కూడా యూ, దే మాత్రమే. "డూ యూ వర్క్?", "డూ యూ నీడ్ హెల్ప్?", "డూ యూ స్పీక్ ఇంగ్లీష్?", "డూ దే హావ్ కిడ్స్?" ఒకరు కార్డులు పేర్చి అడగాలి, రెండోవారు "యెస్, ఐ డూ" అనో "నో, ఐ డోంట్" అనో చెప్పాలి. పొట్టి జవాబులో డూ మళ్లీ వినపడటం వల్ల ప్రశ్నలో దాని చోటు గట్టిపడుతుంది. అందుకని ఉత్త "యెస్"తో సరిపెట్టనివ్వకండి.

ఈ దశలో రెండు తప్పులు పుడతాయి. ఒకటి "ఆర్ యూ వర్క్ హియర్?". ఆర్ ముందు నేర్చారు కాబట్టి అన్నిటికీ అదే పెడతారు. నల్ల కార్డు బల్ల మీద ఉంటే ఎర్ర చోటులో ఆర్ రాదని చేత్తో చూపించండి. రెండోది "డూ యూ కెన్ కమ్?". కొత్తగా వచ్చిన డూ మీద మోజుతో ఎర్ర కార్డులు రెండు పెడతారు. ఎరుపు చోటు ఒక్కటే, ఒక కార్డే పడుతుంది. నియమం చెప్పాల్సిన పని లేకుండా రంగే ఆపేస్తుంది.

డజ్ దగ్గర ఒకటే ఎస్

"షీ వర్క్స్" అని చివర ఎస్ పలకడానికే నెల పడుతుంది, అది వచ్చాక ప్రశ్నలో తీసేయమంటాం. "డజ్ షీ వర్క్స్?" రావడం అందుకే. చిన్న చిల్లర నాణెం అంత కాగితం ముక్క మీద ఎస్ అక్షరం రాసి వర్క్ కార్డు చివర పెట్టండి. ప్రశ్న చేయమనగానే ఆ ముక్కని అక్కణ్నుంచి తీసి డూ పక్కకి జరపాలి. అది జరిగింది కాబట్టి డూ డజ్ అయింది, వర్క్ మామూలుగా మిగిలింది. ఎస్ ఒక్కటే ఉంది, రెండు చోట్ల ఉండలేదు. ఇదే చేత్తో 12 సార్లు చేయించండి, వివరణ ఒక్కసారి చాలు.

డిడ్ కూడా అలాగే, "డిడ్ యూ వెంట్?" అనరాదు. గతం బరువు డిడ్ మోసేసింది, క్రియ మామూలుగా "గో" అయిపోతుంది. ఇది 6వ వారం తర్వాతే మొదలుపెట్టండి.

నీలం కార్డులు కలపడం

డూ స్థిరపడ్డాక దాని ముందు వేర్, వాట్, వెన్ పెట్టడం సులువు. "డూ యూ లివ్ హియర్?" అలాగే ఉంచి ముందు వేర్ చేర్చి, హియర్ తీసేస్తే "వేర్ డూ యూ లివ్?" అయింది. ఈ క్రమం తిరగేసి ముందే వేర్ నేర్పితే "వేర్ యూ లివ్?" అలవాటై కూర్చుంటుంది. తర్వాత దాన్ని పీకడం చాలా కష్టం. అందుకే నీలాన్ని అంతసేపు దాచిపెట్టాం.

లివ్‌లో పొట్టి ఇ పలకడం స్పానిష్‌వాళ్లకి కష్టం. వాళ్ల భాషలో ఇ ఒక్కటే. "వేర్ డూ యూ లీవ్?" అంటారు. మనకి ఇ, ఈ రెండూ ఉన్నాయి కాబట్టి తేడా వినడం మనకి తేలిక. అయితే ఇంగ్లీషులో అది పొడవులో తేడా మాత్రమే కాదు, పొట్టి ఇ పలికేటప్పుడు నోరు వదులుగా ఉంటుంది. లీవ్ అన్నప్పుడు పెదాలు సాగుతాయి. అద్దం ముందు నిలబెట్టి షిప్, షీప్ అనిపించండి. మాట మొదట్లో ఎస్ వచ్చే చోట "ఎస్పీక్", "ఎస్టార్ట్" అంటారు. మన ఊళ్లలో ఇస్కూలు, ఇస్టేషన్ అనడం లాంటిదే. "స్స్స్" అని పాము బుసలా 2 సెకన్లు సాగదీసి తర్వాత పీక్ అనిపిస్తే ముందరి ఎ రాలిపోతుంది. యెస్‌ని "జెస్" అని, షీని "చీ" అని అనేవాళ్లూ ఉంటారు. అర్థం చెడనంతవరకు ఆ రెండిటి కోసం తరగతి ఆపకండి.

ఫ్రమ్, విత్ లాంటివి ఇంకో చిక్కు. స్పానిష్‌లో "దె దోందె ఎరెస్?" అంటే "నుంచి ఎక్కడ" అని మొదలవుతుంది, "కోన్ కియెన్ బీబెస్?" అంటే "తో ఎవరు". ఇంగ్లీషులో ఆ చిన్న మాట వెనక్కి పోతుంది: "వేర్ ఆర్ యూ ఫ్రమ్?", "హూ డూ యూ లివ్ విత్?" వీటిని ఒక్కొక్కటి విడిగా బట్టీ పట్టిస్తే సరిపోతుంది, నియమంగా చెప్పడం ఈ దశలో దండగ.

వై నేర్పేరోజు మనకి పండగ. స్పానిష్‌లో "పోర్ కే" అంటే ఎందుకు, "పోర్కె" అంటే ఎందుకంటే. రెండూ ఒకే పోతపోసినవి, తెలుగులో లాగానే. ఇంగ్లీషులో మాత్రం వై, బికాజ్ అని బొత్తిగా సంబంధం లేని మాటలు. అందుకే "ఐ డోంట్ కమ్ వై ఐ యామ్ సిక్" లాంటి వాక్యాలు వినిపిస్తాయి. వై కార్డుని నీలంతో, బికాజ్‌ని వేరే రంగుతో రాసి, అడిగేవారి చేతిలో ఒకటి, చెప్పేవారి చేతిలో ఒకటి పెట్టండి. చేయి మారితే మాట మారుతుంది.

హూ గురించి ఒక్క సంగతి. "హూ లివ్స్ హియర్?"లో డూ రాదు, హూనే కర్త కాబట్టి. ఇది నిజమే కానీ మొదట్లో చెప్పకండి. డూ ఇంకా కుదురుకోకముందే మినహాయింపు చెప్తే మిగతాచోట్ల కూడా వదిలేస్తారు.

అమెరికా పౌరసత్వం కోసం చదువుతున్నవాళ్లు తరగతిలో ఉంటే ఈ కార్డులు రెండు పనులకి వస్తాయి. ఆ పరీక్షలో ఇంగ్లీషు చదివే భాగంలో 3 వాక్యాల్లో 1 సరిగ్గా చదవాలి, దానికి ప్రభుత్వం ఇచ్చే పదాల పట్టికలో ఈ 6 ప్రశ్న పదాలూ, డూ, డజ్ కూడా ఉన్నాయి. కార్డులతో పేర్చిన ప్రతి ప్రశ్నని పైకి చదివించడం మరవకండి.

హౌ కుటుంబం

హౌ మచ్, హౌ మెనీ తేడా చెప్పడానికి తంటాలు పడక్కర్లేదు. స్పానిష్‌లో కుయాంతో, కుయాంతోస్ ఉన్నాయి, మన ఎంత, ఎన్ని లాగా. ఆ ఆధారం పట్టుకుంటే ఒక్క తరగతిలో అయిపోతుంది. తడబడేది మనీ దగ్గర. డబ్బు లెక్కపెడతాం కదా అని "హౌ మెనీ మనీ" అంటారు. లెక్కపెట్టేది డాలర్లని, మనీని కాదని చెప్పండి. "హౌ మచ్ ఈజ్ ఇట్?" మొదట, "హౌ మచ్ డజ్ ఇట్ కాస్ట్?" తర్వాత. షాపులో మొదటిదే చాలు.

జవాబు వినడం కూడా ఇక్కడే సాధన చేయించాలి. థర్టీన్, థర్టీ తేడా ఊనికలో, అంటే మాటలో ఏ ముక్కని గట్టిగా పలుకుతామో దానిలో ఉంది: థర్టీన్‌లో చివర, థర్టీలో మొదట. 13 నుంచి 19, 30 నుంచి 90 వరకు జతలుగా చదివి, విన్నది రాయించండి. తేదీలకీ ఇదే జాగ్రత్త. వాళ్లూ మనలాగే రోజు ముందు, నెల తర్వాత రాస్తారు. అమెరికాలో నెల ముందు. పుట్టినరోజు 5/8 అని రాస్తే ఆగస్టు 5 కాస్తా మే 8 అవుతుంది, ఆస్పత్రి కాగితాల్లో అది పెద్ద తలనొప్పి. "వాట్స్ యువర్ డేట్ ఆఫ్ బర్త్?" అన్న ప్రశ్నకి నెలని పేరుతో పలికి చెప్పడం నేర్పండి.

"హౌ ఈజ్ యువర్ బాస్?" అని అడిగితే ఆయన ఆరోగ్యం గురించి అవుతుంది. స్పానిష్‌లో "కోమో ఎస్తా" అంటే ఎలా ఉన్నారు, "కోమో ఎస్" అంటే ఎలాంటి మనిషి. రెండింటికీ వాళ్లు హౌ వాడేస్తారు. రెండోదానికి "వాట్ ఈజ్ యువర్ బాస్ లైక్?" అనాలి. మొదటి 8 వారాల్లో ఇది రాకపోయినా నష్టం లేదు, ఎవరైనా అడిగితే చెప్పండి.

మర్యాద సంగతి తప్పకుండా అడుగుతారు. ఉస్తెద్‌కి ఇంగ్లీషు మాట ఏది అని. యూ ఒక్కటే అంటే నమ్మరు, మనకీ మీరు లేకుండా పెద్దవాళ్లతో మాట్లాడటం ఎబ్బెట్టే కదా. గౌరవం అంతా ప్రశ్న మొదట్లోకి వెళ్తుందని చూపించండి. "కెన్ యూ హెల్ప్ మీ?" కంటే "కుడ్ యూ హెల్ప్ మీ, ప్లీజ్?" మెత్తగా ఉంటుంది. దానికి ముందు "ఎక్స్‌క్యూజ్ మీ" చేర్చితే ఉస్తెద్ అన్నంత మర్యాద దక్కుతుంది.

తరగతి 90 నిమిషాలు ఎలా గడపాలి

మొదటి 10 నిమిషాలు పాత ప్రశ్నలు. 15 నిమిషాలు కొత్త రూపం, కార్డులతో. 20 నిమిషాలు ఇద్దరిద్దరుగా. 5 నిమిషాలు విరామం. తర్వాత 25 నిమిషాలు ఖాళీల ఆట: ఒకరి కాగితంలో ఒక మనిషి ఊరు, పని, జీతం ఉంటాయి, పని గంటలు ఉండవు. రెండోవారి కాగితంలో గంటలుంటాయి, మిగతావి ఉండవు. ఒకరి కాగితం ఒకరు చూడకుండా అడిగి నింపుకోవాలి. ఇక్కడ ప్రశ్న అడగకపోతే పని ముందుకు సాగదు, ఆటలోని బలమంతా అదే. చివరి 15 నిమిషాలు వాళ్లే మిమ్మల్ని అడగాలి, ఏదైనా.

తప్పు దిద్దేటప్పుడు మధ్యలో ఆపకుండా ఎర్ర కార్డు పైకెత్తి చూపండి. "ఓ, డూ!" అని వాళ్లే సరిచేసుకుంటారు. మీరు చెప్పిపెట్టే కంటే వాళ్లు పట్టుకున్నదే నిలుస్తుంది. "డూ యూ అండర్‌స్టాండ్?" అని మాత్రం అడగకండి. మన బళ్లలో "అర్థమైందా?" అంటే అందరూ "అయింది సార్" అన్నట్టే తల ఊపుతారు. దానికి బదులు "మారియా పక్కింటి ఆమెని ఎక్కడ పని చేస్తుందో అడగాలి, ఏమంటుంది?" అని ఒక సందర్భం ఇవ్వండి. "వేర్ డజ్ షీ వర్క్?" అని వచ్చిందంటే మారియా ఎవరి గురించి ఎవరిని అడుగుతోందో పట్టించుకోలేదన్నమాట. "వేర్ డూ యూ వర్క్?" అని వస్తే అర్థమైనట్టే.

ఇంటిపనిగా నిజమైన ప్రశ్న ఒకటి ఇవ్వండి. కిరాణా కొట్లో ఒక వస్తువు ఎక్కడుందో అడగాలి, లైబ్రరీ ఎన్నింటికి మూస్తారో అడగాలి, పిల్లల బడి ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు ఎప్పుడో కనుక్కోవాలి. జవాబుని కాగితం మీద రాసుకుని తేవాలి. చాలామంది చెప్పే ఫిర్యాదు ఒకటుంది: ప్రశ్న సరిగ్గా అడిగాను, వాళ్లు చాలా వేగంగా జవాబు చెప్పారు, ఒక్క ముక్క అందలేదు. అప్పుడు మొత్తం మళ్లీ అడగక్కర్లేదు. కావలసిన ముక్క వరకే నీలం మాటతో అడగాలి: "సారీ, వాట్ టైమ్?", "సారీ, హౌ మచ్?", "సారీ, విచ్ డోర్?" ఎదుటి మనిషి రెండోసారి ఆ ఒక్క ముక్కే, నెమ్మదిగా చెప్తారు.